లేకపోతే క్షేమం

సోమవారం

రెండో వరుసలో ఈ పొద్దున అన్ని ఇళ్ళ గోడపలకల మీదా నీళ్ళ వాటా తప్పుగా వచ్చింది. ఇంటికి రోజూ రెండు బిందెలు. కొత్త ఊట తగిలింది కనుక ఇంకొకటి కలిపి ఇమ్మని సర్పంచ్ చెప్పింది. రెండుకు ఒకటి కలపమని రాశాను. ఆ రెండూ ఆ ఒకటీ యంత్రానికి అంకెలుగా కాక అక్షరాలుగా అందాయి. అక్షరాలను కలపడమంటే దానికి పక్కపక్కన పెట్టడమే. "ఈ రోజు మీ వాటా 21 బిందెలు" అని గోడగోడకూ వెలిగింది.

నేను సరిచేసేలోపే వంటశాల ఐలయ్య వచ్చాడు. చేతుల్లో, చంకల్లో, నెత్తి మీద గిన్నెలు.

"ఏం ఓదెలన్నా, గోదారి మన బొగ్గుబాయిలకే మళ్ళిందా?"

"తప్పు పడ్డది," అన్నాను.

"గోడ తప్పు జెప్తదానే? గోడ మీద వచ్చింది. నాకియ్యాలె."

"మూడు."

"ఇరవై ఒకటికి మూడా! గిదేం బేరం. కనీసం పదన్నా జెయ్."

మూడు బిందెలే తీసుకుని నవ్వుకుంటూ పోయాడు. మిగతావాళ్ళు నవ్వలేదు. ఊట ఎక్కడ, ఎంత లోతు అని మధ్యాహ్నం దాకా అడుగుతూనే ఉన్నారు. గోడ మీద వచ్చింది గనుక ఎక్కడో నీళ్ళు ఉండే ఉంటాయని వాళ్ళ నమ్మకం.

మధ్యాహ్నం తర్వాత నాలుగో వరుస పలకలకు పట్టిన బూజు తుడిచాను. గాలి ఫ్యాను బెల్టు మళ్ళీ జారుతోందని ఒక వాక్యం అన్ని పలకలకూ పంపాను.

మంగళవారం

బూజు పని ఈ రోజు కూడా. కుడి చేతి వేళ్ళు ఒరుసుకుపోయాయి.

ఐలయ్య మళ్ళీ వచ్చాడు. ఈసారి గిన్నెలు లేవు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నేను పని చేసే ఈ పలకల గదిలో ఎవరూ అంతసేపు కూర్చోరు, నేను మాట్లాడనని.

అతని భార్య కొమురవ్వ పైపుల పని చేస్తుంది. ఏటి దగ్గర పంపు ఆగిపోతే ఇంకో ఇద్దరితో కలిసి బండి తీసుకుని పైకి వెళ్ళింది. పగలు ఎక్కడో నీడన తలదాచుకుని, చల్లబడ్డాక బండి నడుపుకుంటూ పోవాలి. బండిలో ఒక చిన్న పలక ఉంటుంది. దాని మీద ఆమె కొట్టిన మాట ఐలయ్య ఇంటి గోడ మీద వస్తుంది.

"అలిగింది," అన్నాడు ఐలయ్య.

"ఎవరు?"

"నా పెండ్లామే. ముందుగాల ఎట్ల రాసేది తెల్సా? మోకాళ్ళ దాంక ఇసుక, నోట్లె దుమ్ము, నువ్వు గట్టిన రొట్టెలు రాళ్ళోలె ఉన్నయ్, ఇసిరితే కాకులు సచ్చినయ్ అని రాసింది. పైన కాకులున్నయా అసలు? గట్లాంటి మనిషి ఇప్పుడు ఒక్కటే మాట. పొద్దున క్షేమం. మాపటికి క్షేమం. గంతే."

"బాగున్నట్టే కదా."

"నీకు పెండ్లి గాలే. నీకెట్ల తెలుస్తది. పొయ్యేముందు కొట్లాడినం. ఒక్కసారి నాతోని పైకి రా, ఏరు చూపిస్త అన్నది. నేను రానన్న. పుట్టిందే ఈ బాయిల, నాకు నెత్తిమీద కప్పు లేకుంటే కాళ్ళు వణుకుతయ్. ఆమెకు తెల్సు. అయినా అడిగింది. నాకు కోపమొచ్చింది."

తన తరఫున ఒక మాట పంపమన్నాడు.

"ఏమని?"

"తప్పయిందని రాయి. వద్దొద్దు, అట్ల రాస్తే నెత్తికెక్కుతది. ఈసారి రొట్టెలు మెత్తగ జేస్త అని రాయి."

రాశాను. కాసేపటికి పలక మీద వచ్చింది: "మీ మాట కొమురవ్వ గారికి అందింది." ఐలయ్య దాన్ని వేలితో ఒకసారి తాకి వెళ్ళిపోయాడు.

బుధవారం

నిన్నటి మాటకు కొమురవ్వ నుంచి జవాబు: క్షేమం.

"రొట్టెలంటే గూడ కరగలేదు," అన్నాడు ఐలయ్య. ఆ పూట వంటశాలలో గటక మాడింది. వరుసలో నిలబడ్డవాళ్ళు ఎగతాళి చేస్తే ఒక్కరికీ తిరిగి జవాబివ్వలేదట.

నాకు ఇంకో సంగతి గుచ్చుకుంది. కొమురవ్వతో వెళ్ళిన మిగతా ఇద్దరి ఇళ్ళకు వచ్చిన మాటలు తీసి చూశాను. క్షేమం. క్షేమం. ముగ్గురూ ఒకేసారి అలగరు.

ఈ యంత్రం ఎలా మాట్లాడుతుందో ఇక్కడ రాయాలి. దీని భాష పాతది. పైన జనం ఉన్న రోజుల్లో దీంతో వెబ్ పేజీలు చేసేవారట. నాకు ఎవరూ నేర్పలేదు. ఒక ఉదాహరణను మార్చడం, ఏమవుతుందో చూడడం, మళ్ళీ మార్చడం. అలాగే వచ్చింది. ఇందులో ప్రతి వాక్యానికీ ముందే ఒక అచ్చు రాసి ఉంటుంది:

"___ గారూ, మీ ___ ఈ పూట ___."

మధ్యలో ఉన్నవి గళ్ళు. మొదటి గడిలో ఇంటివాళ్ళ పేరు, రెండో దాంట్లో పైకి వెళ్ళిన మనిషి పేరు, మూడో దాంట్లో ఆ మనిషి పంపిన మాట. యంత్రం ఏ ఇంటికి ఆ ఇంటి మాటలు గుచ్చి గోడ మీద పెడుతుంది. చదివేవాళ్ళకు ఎవరో తమ కోసమే కూర్చుని రాసినట్టుంటుంది.

మూడో గడి దగ్గర ఏముందో ఈ రోజు మొదటిసారి తెరిచి చూశాను. పని చేస్తున్నదాన్ని తెరిచే అలవాటు నాకు లేదు. అక్కడ రెండు నిలువు గీతలు ఉన్నాయి. ఈ భాషలో వాటికి అర్థం 'లేకపోతే'. ఎడమ పక్కన ఉన్నది తీసుకో, అది లేకపోతే కుడి పక్కన ఉన్నది తీసుకో. ఎడమ పక్కన 'వచ్చిన మాట' అని ఉంది. కుడి పక్కన 'క్షేమం' అని ఉంది.

వచ్చిన మాట, లేకపోతే క్షేమం.

కొమురవ్వ బండి నుంచి వచ్చిన మాటల కోసం వెనక్కి వెళ్ళాను. చివరిది కాకుల గురించి. ఆ తర్వాత ఏమీ లేదు. మిగతా ఇద్దరివీ అక్కడితోనే ఆగిపోయాయి.

గురువారం

బుచ్చవ్వ ఇంటికి వెళ్ళాను. నాకంటే ముందు ఈ గది ఆమె చూసేది. అచ్చులన్నీ ఆమె రాసినవే. ఇప్పుడు చూపు మందగించి, కుక్కగొడుగుల మళ్ళ దగ్గర కూర్చుని ముదిరినవి చేత్తో తడిమి కోస్తుంటుంది.

అడిగాను. ఆమె కోయడం ఆపలేదు.

"అవును, నేనే పెట్టిన. ముందుగాల అక్కడ ఏం లేకుండె. మాట రాకుంటే గడి ఉత్తగ ఉండేది. ఒకనాడు ఒక పోరి ఇంటి గోడ మీద గట్లనే వచ్చింది. 'మీ రాజలింగం ఈ పూట', గంతే, ఎన్క ఏం లేదు. పెండ్లయి ఏడాది గాలే. వాక్యం సగంల ఆగితే ఏమనుకుంటది? మనిషి సగంల ఆగిండనుకున్నది. గాజులు పలగ్గొట్టుకున్నది. గోడకు తల కొట్టుకున్నది. మర్నాడు రాజలింగం లిఫ్టు దిగి నడుచుకుంట వచ్చిండు. వైరు ఊడిందట, గంతే."

"ఆమె?"

"బతికింది. ఒక కన్ను పోయింది." కత్తి పక్కన పెట్టింది. "జాబు రాసేటప్పుడు మనోళ్ళు ఏమని మొదలువెడ్తరు, ఓదెలూ? మేమిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తున్నం. తెల్సి రాస్తరా అది? తెల్వకనే రాస్తరు. ఉత్త గడిల పెట్టెతందుకు దానికంటె మంచి మాట నాకు దొర్కలే. నీకు దొరికితే చెప్పు."

ఆమె కోసిన కుక్కగొడుగులు బుట్టలోకి ఎత్తి ఇచ్చి వచ్చేశాను.

శుక్రవారం

సర్పంచ్ సుగుణమ్మ దగ్గరికి వెళ్ళి కొమురవ్వ బండి నుంచి మాట రావడం లేదని చెప్పాను.

"గోడ మీద క్షేమమనే ఉన్నది గద."

అది గోడ సొంతంగా చెప్పుకుంటున్న మాట అని చెప్పాను. ఆమెకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. లిఫ్టు గురించి అడిగాను. వేళ కాని వేళ లిఫ్టు పైకి నడపాలంటే గోడ మీద ఆపద అని రావాలి. ఒకప్పుడు పుకారు నమ్మి జనం పైకి ఉరికి ఎండకు చనిపోయారు. అప్పటినుంచి అదే కట్టుబాటు.

"ఒకని పెండ్లాం అలిగిందని లిఫ్టు నడపమంటవా?"

"అలగలేదమ్మా. అదే చెప్తున్న."

"మరి గోడ మీద ఏమని రాయిద్దామంటవ్?"

"వార్త లేదని."

"ఒక్క కొమురవ్వ ఇంటికేనా?"

అచ్చు అందరికీ ఒకటే, మార్చితే పైన మనిషి ఉన్న ప్రతి ఇంటి గోడ మీదా మారుతుందని చెప్పాను. ఆమె లేచి తలుపు వేసింది.

"ఓదెలూ, ఇనుకో. ఈ బాయిల గోడ జెప్పినట్టే నీళ్ళు పంచుకుంటున్నరు. గోడ జెప్పినట్టే గాలి గేట్లు మూస్తున్నరు. ఒకని మాట ఇంకొకడు ఇనడు, గోడ మాట ఇంటడు. ఇన్నొద్దులు గోడ తెల్వక మాట్లాడింది అని రేపు తెలిస్తే, ఎల్లుండి గేటు ముయ్యమంటే ఎవడు మూస్తడు?"

ఆమె అన్నది తప్పు కాదు. లేవబోయాను.

"నిలువు," అంది. "నా తమ్ముడు సోలారు పలకలు కడిగే పనికి పైన్నే ఉన్నడు. నాకూ రోజూ వస్తది, క్షేమమని. అది వాడు పంపిందా, గోడ పెట్టిందా? చూడొస్తదా?"

చేతి యంత్రంలో చూశాను. ఖాళీ. వెనక్కి పోయే కొద్దీ ఖాళీ. ఎప్పటినుంచో ఖాళీ.

నా ముఖం చూసే తెలుసుకుంది. చాలాసేపు బల్ల మీది గీత ఒకదాన్ని గోటితో గీకుతూ కూర్చుంది.

"రాయి," అంది చివరికి. "పొద్దున. వంటశాల తెరిచినంక. జనం ఇండ్లల్ల ఒంటిగ ఉన్నప్పుడు గాదు, నలుగురు ఒక్క దిక్కు ఉన్నప్పుడు."

శనివారం

రెండు నిలువు గీతల కుడి పక్కన 'క్షేమం' తీసేసి 'వార్త లేదు' అని పెట్టాను. మార్పు ఒక్క మాటే. పంపే ముందు చెయ్యి కడుక్కుని వచ్చాను, ఎందుకో తెలియదు.

వంటశాలలో పెద్ద పలక ఉంటుంది. పైన ఉన్నవాళ్ళందరి పేర్లూ ఒకదాని కింద ఒకటి వస్తాయి. వార్త లేదు, వార్త లేదు, వార్త లేదు. మధ్యలో ఎక్కడో ఒక 'కాలు బెణికింది', ఒక 'సబ్బు పంపండి'. గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఎవరో ఒకామె కూలబడింది. సుగుణమ్మ బల్ల ఎక్కి నిలబడి గట్టిగా చెప్పింది: ఇది చావు వార్త కాదు, ఎవరూ గాజుల మీద చెయ్యి వెయ్యొద్దు, మనకు తెలియదని మాత్రమే దీని అర్థం, ఇప్పుడు తెలుసుకుందాం.

ఆ తర్వాత అందరూ లిఫ్టు పక్కన ఉన్న గొట్టం దగ్గరికి పరుగెత్తారు. పైన లిఫ్టు మూతి దగ్గర షెడ్డులో ఉండేవాళ్ళకు ఆ గొట్టంలో అరిస్తే వినిపిస్తుంది. ఒకరి తర్వాత ఒకరు తమవాళ్ళ పేరు పెట్టి అరిచారు. పైన సోలారు పలకలు కడిగేవాళ్ళు ఒక్కొక్కరే గొట్టం దగ్గరికి వచ్చారు. సుగుణమ్మ తమ్ముడి గొంతు నేనూ విన్నాను.

"ఏందే అక్కా, బొబ్బలు వెడ్తున్నవ్? బతికే ఉన్న!"

"మరి మాట కొట్టవేందిరా, సచ్చినోడా!"

"కొట్టుడెందుకే? నేను కొట్టకున్నా గోడ రాస్తది గద, క్షేమమని!"

జనం నవ్వారు. ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారు. సుగుణమ్మ మాత్రం గొట్టం అంచు పట్టుకుని అలాగే నిలబడింది.

మధ్యాహ్నానికి వంటశాల పలక మీద గళ్ళు ఒక్కొక్కటే నిండాయి. 'ఉన్న.' 'ఉన్ననే.' 'రాసిన, ఇగ సాలా?' చివరికి మూడు మిగిలాయి. కొమురవ్వ, ఆమెతో వెళ్ళిన ఇద్దరు.

ఐలయ్య గరిట పట్టుకుని ఆ పలక ముందే నిలబడి ఉన్నాడు. నేను పక్కకు వెళ్ళాను.

"అయితే అలగలేదన్నట్టు," అన్నాడు. ముఖంలో ఒక్క క్షణం తేటపడ్డట్టు కనిపించింది. ఆ తర్వాత గరిట కింద పడింది.

గోడ మీద ఆపద అని రాకపోయినా సుగుణమ్మ నడపమంది, లిఫ్టు సిద్ధం చేశారు. రెండో బండి ఎక్కించారు. నడపడానికి ఇద్దరు ముందుకు వచ్చారు. ఐలయ్య తానూ పోతానన్నాడు. నీకు పైన కాళ్ళు వణుకుతాయి కదా అని ఎవరో అన్నారు.

"వణకనియ్. బండిల కూసోని వణుకుత."

లిఫ్టు తలుపు మూసుకునేటప్పుడు అతను రెండు చేతులతో కళ్ళు మూసుకుని ఉన్నాడు.

సోమవారం

ఫ్యాను బెల్టు మార్చారు. నీళ్ళ వాటా మళ్ళీ రెండు బిందెలు, కొత్త ఊట సన్నబడింది.

వంటశాలలో గటక ఎవరెవరో చేస్తున్నారు. ఉప్పు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ. ఆ మూడు పేర్ల పక్కనా, వెతకబోయిన ముగ్గురి పేర్ల పక్కనా 'వార్త లేదు' అనే ఉంది. తినేవాళ్ళు ఆ పలకకు వీపు పెట్టి కూర్చోవడం లేదు. పిల్లలు కూడా.

సాయంత్రం బుచ్చవ్వ గోడ పట్టుకుని నడుచుకుంటూ వంటశాలకు వచ్చింది. పలక మీద ఏముందో చదివి చెప్పమంది. చెప్పాను.

"ఆ మాట సూత్తె నీకు ఎట్లనిపిస్తది?"

"బాగలేదు."

"మరి తీసేస్తవా?"

"లేదు."

తల ఊపింది. కొంగుతో పలక తుడిచింది. దాని మీద దుమ్మేమీ లేదు.

గురువారం

బండి వచ్చింది. ముగ్గురూ ప్రాణాలతో ఉన్నారు.

ఐలయ్య కొమురవ్వను భుజాల మీద మోసుకుని లిఫ్టులోంచి దిగాడు. అతని ముఖం ఎండకు తోలు లేచిపోయింది. మిగతా ఇద్దరిలో చిన్నవాడు నడవగలిగాడు. పెద్దాయన వీరస్వామిని మంచం మీద తెచ్చారు. ఇంకా కళ్ళు తెరవలేదు, గుక్క గుక్కగా నీళ్ళు మాత్రం మింగుతున్నాడు.

బండి ఇరుసు విరిగిందట. పాత వంతెన కింద నీడలో ఉండిపోయారట. దుమ్ముగాలికి మధ్యలో ఉన్న వైర్‌లెస్ స్తంభం పడిపోయింది. అందుకే వాళ్ళ మాటలు ఇక్కడికి రాలేదు.

ఐలయ్య వంటశాలకు పోలేదు. ఆమె మంచం పక్కనే కూర్చున్నాడు. నేను బయటి నుంచే చూసి వచ్చాను.

ఆదివారం

కొమురవ్వ పలకల గదికి వచ్చింది. పెదవులు ఇంకా పగిలే ఉన్నాయి. ఐలయ్య గడప దగ్గరే ఆగాడు.

"ఓదెలన్నా, ఒకటి అడుగుత. మా బండిల పలక ఉంటది గదా. ఇరుసు ఇరిగిన కాన్నుంచి పొద్దుమాపు కొట్టినం. బండి ఇరిగింది, వంతెన కింద ఉన్నం, నీళ్ళు అయిపోతున్నయ్. కొట్టిన ప్రతిసారీ వచ్చింది, 'మీ మాట అందింది' అని. అందితే ఎందుకు రాలే మీరు?"

ఆ అచ్చు తెరిచాను. ఆ శనివారం 'క్షేమం' మార్చినప్పుడు నేను దీని జోలికి పోలేదు. రెండు నిలువు గీతలు. ఎడమ పక్కన 'జవాబు'. కుడి పక్కన 'అందింది'.

ఐలయ్య మాట అందిందన్నదీ అదే. చూపించి, అర్థం చెప్పాను.

"అంటే మేము గాలికి చెప్పుకున్నం."

"అవును."

"వీరస్వామి బాపు నడుద్దామన్నడు. నీళ్ళున్నప్పుడే నడుద్దాం, ఇక్కడ కూసుంటే సస్తం అన్నడు. నేనే ఆపిన. మాట అందింది, వస్తున్నరు, కూసో అన్న. రోజూ ఆ పలక చూపిచ్చి కూసోబెట్టిన. కాని అప్పటి ఎండల నడిస్తే సగం దూరం గూడ రాకపోదుము. మీ బండికి మేము ఎన్నడూ దొరకకపోదుము."

ఐలయ్య గడప దగ్గర నుంచి అన్నాడు, "మరి ఆ మాట మంచే చేసింది గదనే."

"నువ్వుండు."

నా వైపు తిరిగింది. "దీన్ని ఏం జేస్తవ్ ఇప్పుడు?"

తెలియదన్నాను. అది నిజం. ఉంచితే ఇంకొకరు కూర్చుని చస్తారు. తీస్తే ఇంకొకరు నడిచి చస్తారు. బుచ్చవ్వ అడిగిన మాట గుర్తొచ్చింది, ఖాళీ గడిలో పెట్టడానికి ఏ మాట మంచిదని. మంచి మాట కోసం వెతకడంలోనే ఏదో తేడా ఉందని అప్పుడు అనిపించింది. అది సరిగ్గా ఏమిటో ఇక్కడ రాయడం నాకు చేతకాదు.

"తీసెయ్," అంది కొమురవ్వ. "కూసోవాల్నా నడవాల్నా అని మళ్ళోసారి నేను చూసుకుంట. తప్పయితే నా తప్పయితది."

ఆమె ఎదుటే మార్చాను. ఏం రాయాలో ఆమెనే అడిగాను. రెండు మూడు మాటలు అనుకుని వద్దంది. చివరికి ఆమె చెప్పినట్టే పెట్టాను.

బుధవారం

స్తంభం నిలబెట్టడానికి, ఏటి పంపు బాగు చెయ్యడానికి మళ్ళీ బండి బయల్దేరింది. కొమురవ్వ పోతానంది. ఎవరూ వద్దనలేదు, ఐలయ్య తప్ప. అతను నీళ్ళు ఎక్కువైన పిండిలాగా సాగుతూ రెండు రోజులు బతిమాలి, చివరికి రొట్టెలు కట్టి ఇచ్చాడు.

బండిలో పలక సరిగ్గా పని చేస్తోందో చూడడానికి నేనూ లిఫ్టు మూతి దాకా పైకి వెళ్ళాను. చాలా కాలం తర్వాత. వెలుతురు కళ్ళలోకి సూదుల్లా దిగింది. షెడ్డు పలకలకు వైరు ఉంది, బండి పలకకు మాత్రం అవతలి స్తంభమే దిక్కు; అది ఇంకా పడే ఉంది కనుక దీని మీద కొట్టిన మాట ఎక్కడికీ పోదు. పరీక్షకు అది మంచిదే. ఒక మాట కొట్టి చూడమన్నాను.

కొమురవ్వ కొట్టింది: "పోతున్నం."

పలక మీద వచ్చింది: "మీ మాట చేరిందో లేదో తెలియదు."

ఆమె దాన్ని ఒకసారి చదివింది. షెడ్డులోకి వెళ్ళి, ఇంకో నీళ్ళ డబ్బా ఎత్తుకొచ్చి బండిలో పెట్టుకుంది.